వంద చేపల కడుపులు

ప్రయోగశాల, వెనక గది
జనవరి 6

అక్కా,

క్షేమంగా చేరాను. బయల్దేరేముందు నువ్వు బలవంతాన పెట్టిన రెండో విడత అన్నం మూడో స్టాపు దాకా నాతోనే ఉంది. ఆ తరవాత లేదు. పక్క సీటాయన మంచివాడు, ఏమీ అనకుండా కిటికీ సీటు నాకిచ్చేశాడు.

ఉద్యోగం సంగతి చెబుతాను, నవ్వకు. చేపల కడుపులు కోసి, లోపల ఏముందో చూసి రాయడం నా పని. పెద్దసారు అని మా ఆఫీసరు ఉన్నారు. మీ ఉప్పుమడుగులో ఉండే బొంత చేప ఏడాది పొడుగునా ఏం తింటుందో ఆయనకి తెలియాలి. వారానికి రెండు చొప్పున మొత్తం వంద కడుపులు. వందా పూర్తయితే నన్ను పర్మనెంటు చేస్తారు. ఒక్క వారం చేపలు తప్పినా, నేను మూడు రోజులకి మించి సెలవు పెట్టినా ఇంకొకళ్ళని తీసుకుంటారు. ఆ ఇంకొకళ్ళు ఇద్దరున్నారు, గుమ్మం బయట బెంచీ మీదే కూర్చుంటారు. నేను దగ్గితే ఆశగా చూస్తారు.

మడుగు గట్టున కాపురం ఉండేది నువ్వు, చేపలు ఏరే షెడ్డులో పనిచేసేది నువ్వు. అందుకని చేపలు మా అక్క పంపుతుందని నిన్ను అడక్కుండానే మాటిచ్చేశాను.

బొంత గురించి పుస్తకంలో ఉన్నది ఇది. అది మట్టి తిని బతుకుతుంది. అడుగున బురద మీది పైపొరని నోట్లోకి తీసుకుని, లోపలే వడకట్టి, గరుకుది ఉమ్మేసి సన్నటిది మింగుతుంది. ఆ మట్టిలో కంటికి కనపడని నాచు ఉంటుంది, దాని బలమంతా అదే. కడుపు కోడి కందనకాయలా గట్టిగా ఉంటుంది, మింగిన ఇసకతోనే తిండి నూరుకుంటుంది.

ఇక్కణ్ణించి జాగ్రత్తగా చదువు. చేప వల్లోంచి బయటికి రాగానే, డబ్బాతో పాటు పంపిన మందుని సూదితో దాని పొట్టలోకి ఎక్కించు. అప్పుడే, అక్కడే. ఆలస్యం చేస్తే లోపలున్నది అరిగిపోతుంది. మంగళవారం పొద్దున ఐసు బండి వస్తుంది కదా, డ్రైవరుకి డబ్బా ఇవ్వు. ఒక్కో చేపకి ఒక చీటీ కట్టి, దాని మీద నంబరు, తేదీ, ఆడో మగో రాయి. 'కడుపు' అన్న గడి ముట్టుకోకు, అది నాది. నిండు, ముప్పావు, సగం, పావు, ఖాళీ, ఈ అయిదింట్లో ఒకటి నేను రాస్తాను.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


మడుగు గట్టు
జనవరి 16

ఒరేయ్ తమ్ముడూ,

చేపలు కోసే ఉద్యోగానికి అంత చదువు చదివావా అని మీ బావ అడిగారు. నేను నీ తరఫునే మాట్లాడాను. లోకంలో అందరూ కడుపు తీసి పారేసి చేపని ఉంచుకుంటారు, మా వాడు చేపని పారేసి కడుపు ఉంచుకుంటాడు, అదీ చదువంటే అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఆ మందు కూరకి పనికి రాకుండా చేస్తుందట కదా, డ్రైవరు చెప్పాడు. రెండేసి మంచి చేపలు వారం వారం. సరేలే, ఉద్యోగం.

సోమవారం మధ్యాహ్నం మీ బావ పడవ రాగానే రెండు తీసుకున్నాను. నువ్వు చెప్పినట్టే చేశాను. చీటీలు అందంగా రాశాను, చూసుకో. ఆడా మగా ఎలా తెలుస్తుందో నువ్వు రాయలేదు. మొహం చూసి రాశాను.

బస్సులో కక్కుకున్నావని రాయడానికి సిగ్గులేదూ. నెమ్మదిగా తినాల్సింది. మన ఇంట్లోంచి ఎవరూ ఖాళీ కడుపుతో గడప దాటలేదు, అమ్మ ఉన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అక్క


ప్రయోగశాల, వెనక గది
ఫిబ్రవరి 20

అక్కా,

ఇక్కడ ఒక విశేషం జరిగింది. ఎవరితోనూ అనకు.

ఇప్పటిదాకా పన్నెండు కడుపులు కోశాను. మట్టి నామమాత్రంగా ఉంది. పన్నెండింట్లోనూ అన్నం మెతుకులు ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు నా టిఫిన్ డబ్బాలోంచి పడిందేమో అనుకుని బల్ల కడిగాను. రెండోసారి చేతులు కడిగాను. మూడోసారి పెద్దసారుని పిలిచాను.

ఆయన భూతద్దం పెట్టి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు. మట్టి తినే చేప అన్నానికి మారుతోంది" అన్నారు. ఆ సాయంత్రం నాకు టీ ఆయనే తెప్పించారు. బెంచీ మీద ఇద్దరూ చాలా దిగాలుగా ఉన్నారు.

మడుగు ఒడ్డున హోటళ్ళున్నాయా, మెస్సులున్నాయా కనుక్కోమన్నారు. గిన్నెలు కడిగిన నీళ్ళు మడుగులోకి వస్తున్నాయేమో. వెంటనే రాయి.

తమ్ముడు


మడుగు గట్టు
మార్చి 2

తమ్ముడూ,

హోటళ్ళు లేవు. టీ కొట్టు ఒకటుంది, అందులో టీ కూడా సరిగ్గా ఉండదు.

చేపలు ఏం తింటాయో దేవుడికి ఎరుక. ఒక్కోసారి ఆకలేస్తే ఏదైనా తింటాయి. పెద్దసారు ఎందుకంత ఆశ్చర్యపోయారో నాకు అర్థం కాలేదు, అన్నం ఎవరికి చేదు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. షెడ్డు రేకులు మార్చారు. నీకు చొక్కాలు సరిపోతున్నాయా, చిక్కిపోయావా, అది రాయవు. చేపల సంగతి మాత్రం రెండు పేజీలు రాస్తావు.

అక్క


ప్రయోగశాల, వెనక గది
మే 11

అక్కా,

చొక్కాలు సరిపోతున్నాయి.

ఏప్రిల్ నుంచి బఠాణీలు వస్తున్నాయి. కోడిగుడ్డు పచ్చసొన పొడి కూడా. కిందటి వారం క్యారెట్ ముక్కలు దొరికాయి, నలుచదరంగా, అన్నీ ఒకే కొలత. చేప అలా కొరకలేదు కదా అన్నాను. పెద్దసారు కాసేపు ఆలోచించి, నీటి ప్రవాహంలో అరిగి ఆ ఆకారం వచ్చి ఉండొచ్చని రాయమన్నారు. రాశాను.

డిసెంబరులో పెద్ద సభ ఉంది, నలుమూలల నుంచీ చేపల వాళ్ళందరూ వస్తారు. పెద్దసారు అక్కడ ఈ విషయం మీద వ్యాసం చదువుతారట. కింద నా పేరు కూడా వేస్తానన్నారు. పర్మనెంటు గురించి ఇక బెంగపడొద్దన్నారు. వంద పూర్తిచెయ్యి, అంతే అన్నారు.

నువ్వు లేకపోతే ఇదంతా లేదక్కా.

తమ్ముడు


ప్రయోగశాల, వెనక గది
ఆగస్టు 29

అక్కా,

జూన్‌లో రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. డబ్బా మాత్రం ప్రతి మంగళవారం వస్తోంది, కాబట్టి కులాసాగానే ఉన్నావని అనుకుంటున్నాను.

చేపల తిండి మళ్ళీ మారింది. జులై అంతా కడుపుల్లో గంజిలాంటి తెల్లటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఈ నెల అదీ లేదు. నాలుగు వారాలుగా వచ్చినవన్నీ ఖాళీ. పెద్దసారు దీనికీ కారణం కనిపెట్టారు. గుడ్లు పెట్టే కాలానికి ముందు బొంత ఉపవాసం ఉంటుందట. ఆ ముక్కకి వ్యాసంలో విడిగా ఒక శీర్షిక పెట్టారు.

మడుగులో మార్పేమైనా ఉందా? బావ ఏమంటున్నారు?

తమ్ముడు


మడుగు గట్టు
సెప్టెంబరు 3

తమ్ముడూ,

వానల్లో చేతికి కాగితం పొడిగా దొరకలేదు, అందుకే రాయలేదు. మడుగు సముద్రంలో కలిసే చోట ఇసక మేట వేసింది, చేపలు కాస్త తగ్గాయి. మీ బావ ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు, నాకు కబుర్లకి లోటు లేదు. కడుపునిండా తింటున్నాం. నువ్వు నీ పని చూసుకో, సెలవులూ గిలవులూ పెట్టకు.

పెద్దసారు చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఉపవాసాలే.

అక్క


ప్రయోగశాల, వెనక గది
అక్టోబరు 20

అక్కా,

వ్యాసం దాదాపు పూర్తయింది. కడుపులన్నిటికీ ఒక పట్టిక తయారుచేస్తున్నాను. సెప్టెంబరు మొదట్లో కాస్త గంజి, నెల మధ్య నుంచి మళ్ళీ మెతుకులు కనపడుతున్నాయి, ఉపవాసం అయిపోయిందని పెద్దసారు సంతోషించారు.

నంబరు 14 దగ్గర మాత్రం ఆయనకీ నాకూ చర్చ జరిగింది. అందులో మాడిపోయిన ఉల్లిపాయ ముక్కలు మూడున్నాయి. మాడిపోయాయి కాబట్టే ఎవరో పారబోశారని ఆయన వాదన. "మడుగు చుట్టుపక్కల వంట చేతకాని జనాభా ఉన్నట్టు దీన్నిబట్టి తెలుస్తోంది" అని ఒక వాక్యం చేర్చారు. బాగానే ఉందనిపించింది, ఉంచేశాను.

ఇంకో పద్దెనిమిది కడుపులు, అంతే.

తమ్ముడు


మడుగు గట్టు
అక్టోబరు 29

తమ్ముడూ,

నంబరు పద్నాలుగులో ఉల్లిపాయ మాడలేదు. ఎర్రగా వేగింది. మాడటానికీ ఎర్రగా వేగడానికీ తేడా తెలియని మనిషిని అంత పెద్ద కుర్చీలో ఎవరు కూర్చోబెట్టారో నాకు తెలియదు. ఆ రోజు గుడ్డు కూర. మీ బావ మూడుసార్లు వడ్డించుకున్నారు, ఆయన్నే అడగమను. ఆ వాక్యం కొట్టేయించు.

ఇక్కడ గాలులు తగ్గాయి. పడవలు వెళ్తున్నాయి.

అక్క


ప్రయోగశాల, వెనక గది
నవంబరు 4

అక్కా,

నంబరు పద్నాలుగు చేపకి, మీ ఇంట్లో గుడ్డు కూరకి సంబంధం ఏమిటి? నీళ్ళు నమలకుండా రాయి.

తమ్ముడు


మడుగు గట్టు
నవంబరు 11

తమ్ముడూ,

నోరు జారాను. ఫిబ్రవరి నుంచి చెబుదామనుకుంటూనే ఉన్నాను. నువ్వేమో పెద్దసారు టీ తెప్పించారని రాశావు, ఆ తరవాత నీ పేరు వేస్తారని రాశావు. ఇంకెలా చెప్పను.

మొదటి సోమవారం రెండు చేపలు తెచ్చి, సూది పట్టుకుని కూర్చున్నాను. అవి నోళ్ళు తెరుస్తూ మూస్తూ నా వైపే చూస్తున్నాయి. షెడ్డులో రోజుకి వెయ్యి చేపలు ఏరతాను, కానీ అవన్నీ చచ్చి వచ్చేవి. బతికున్నదాన్ని పొడవడానికి చేతులు రాలేదు. పొద్దున చేద్దాంలే అని పెరట్లో సిమెంటు తొట్టిలో మడుగు నీళ్ళు పోసి వదిలాను.

అవి అలా తొట్టిలో ఉన్నాయి, మేం భోజనానికి కూర్చున్నాం. తెల్లారితే అంత దూరం పోవాలి. ఎలా పంపను ఖాళీ కడుపుతో? నా కంచంలోంచే కాస్త తీసి వేశాను. ముందు ముట్టుకోలేదు, నేను పక్కకి వెళ్ళాక తిన్నాయి. మరుసటి వారం ముందు వాటికి పెట్టినట్టే వీటికీ పెట్టాలి కదా అనిపించింది. అలా అలవాటైపోయింది. కొత్తగా కలిపి పెట్టింది ఏమీ లేదు, మేం ఏది తింటే అదే.

నువ్వు చెప్పినట్టే చేశాను. కాకపోతే ఒక పూట ఆలస్యంగా చేశాను.

నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందా? పెద్దసారుకి నేను ఉత్తరం రాయనా? ఉల్లిపాయ సంగతి కూడా అందులోనే రాస్తాను.

అక్క


ప్రయోగశాల, వెనక గది
నవంబరు 18

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. పళ్ళెంలో నలుచదరపు క్యారెట్ ముక్కలు పెట్టుకుని నేనూ పెద్దసారూ పడ్డ తర్జనభర్జన గుర్తొచ్చి, బెంచీ మీద వాళ్ళు లోపలికి తొంగిచూసేదాకా నవ్వాను.

తరవాత నోటుబుక్కు తీశాను. మేం ఏది తింటే అదే అని రాశావు కదా. మళ్ళీ మొదటినుంచి చదివాను. చేపల తిండి రాస్తున్నాననుకుని ఇన్ని నెలలూ మీ ఇంటి వంట రాశాను.

మే దాకా బాగుంది. అన్నం, బఠాణీలు, గుడ్డు. కడుపు గడిలో నిండు, నిండు, ముప్పావు, నిండు. జూన్‌లో గుడ్డు లేదు. జూన్ చివర్లో కూర ముక్క అన్నదే లేదు. జులైలో 49 నుంచి 58 దాకా గంజి, పావు. ఆగస్టులో 59 నుంచి 66 దాకా ఖాళీ. ఎనిమిదిసార్లు ఖాళీ అని రాశాను, చేతిరాత నాదే. రాసి, కింద గీత గీసి, ప్రతిసారీ భోజనానికి వెళ్ళాను.

సెప్టెంబరు 3న నువ్వు కడుపునిండా తింటున్నాం అని రాశావు. ఆ ఉత్తరాన్నీ నోటుబుక్కునీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. బావ ఇంటిపట్టున ఉంటున్నారంటే హాయిగా ఉన్నారనుకున్నాను. ఏం జరిగింది?

ఇంకొకటి. ఆ నాలుగు వారాలూ డబ్బా ఆగలేదు. ఎనిమిది బొంతలు, బాగా బలిసినవి. మీ కంచంలో ఏమీ లేనప్పుడు పెరట్లో తొట్టిలో అవి ఉన్నాయి. వాటిని ఎందుకు వండుకోలేదు?

తమ్ముడు


మడుగు గట్టు
నవంబరు 26

తమ్ముడూ,

చేపల కడుపు కోసి నా ఇంట్లోకి తొంగిచూస్తావని తెలిస్తే ఆ నెల అప్పు చేసైనా వాటికి పెట్టి ఉండేదాన్ని.

జూన్‌లో మీ బావ పడవ దించుతూ నాచు మీద కాలు జారి పడ్డారు. మడమ విరిగింది. కట్టు కట్టి కదలొద్దన్నారు. అదే వారం మడుగు ముఖం పూడిపోయింది, పడవలు ఒడ్డెక్కాయి. చేపలు లేకపోతే ఏరేదేముంది, షెడ్డు మూసేశారు. ఉన్నది సర్దుకున్నాం. ఆగస్టులో సర్దుకోవడానికి కూడా లేకపోయింది. ఖాళీ అంటే మేం అసలు తినలేదని కాదురా. ఆకూ అలమూ ఏదో ఉండేది. కంచంలోంచి తీసి ఇంకొకరికి పెట్టేంత లేదు, అంతే. ఆ చేపలకి రెండు చేతులూ జోడించి, ఈ పూటకి ఏమీ అనుకోకండి అని చెప్పి పంపాను.

నీకు రాస్తే సెలవు పెట్టి వస్తావు. వస్తే బెంచీ మీద ఉన్నవాడు లేచి నీ కుర్చీలో కూర్చుంటాడు. మీ బావ కూడా రాయొద్దన్నారు.

పడవలు ఆగినప్పటినుంచీ, ఆ ఎనిమిదితో సహా, నీ చేపలన్నీ నేనే పట్టాను, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మీ బావ విసురు వలతో. నాకు విసరడం రాదు, ఒక్కోసారి పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టేది. ఎప్పుడూ రెండుకి మించి పడలేదు. ఎందుకు వండుకోలేదని అడిగావు. వండుకుంటే ఒక పూట. పంపితే నీ ఉద్యోగం. ఇందులో ఆలోచించేదేముంది. మీ బావ ఒకసారి తొట్టిలోకి చూసి, "ఇవాళ్టి వాటిలో ఒకటి పెద్దదే" అన్నారు. అది 61. నేను వినపడనట్టు చీటీ రాసుకున్నాను.

ఇప్పుడు బాగున్నాం. ఇసక కొట్టుకుపోయింది, షెడ్డు తెరిచారు, ఆయన కర్రతో నడుస్తున్నారు. 91, 92 ఈ వారం పంపాను. పెద్దసారుకి ఏమీ చెప్పకు. ఇంకో ఎనిమిది, అంతే కదా.

అక్క


ప్రయోగశాల, వెనక గది
డిసెంబరు 5

అక్కా,

చెప్పేశాను.

సభ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. పెద్దసారు వ్యాసం పట్టుకుని గదిలో గట్టిగా చదువుతూ అటూ ఇటూ నడుస్తున్నారు. తలుపు తీసుకుని వెళ్ళి, అన్నం మా అక్క పెట్టింది సార్ అన్నాను. ఆయన నిలబడిపోయారు.

"బఠాణీలు?"

"అవీ మా అక్కే సార్."

"క్యారెట్?"

"తరిగింది సార్."

కాగితాలు బల్ల మీద పెట్టి అడిగారు. "మరి ఆ ఖాళీలు? ఆ ఎనిమిది?"

"అవి కూడా మా అక్కవే సార్" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు.

వ్యాసం ఆగిపోయింది. తొంభై నాలుగు కడుపులూ కొట్టేశారు. పర్మనెంటు లేదు. అది విని బయట బెంచీ మీద ఇద్దరూ లేచి నిలబడ్డారు. పెద్దసారు గుమ్మంలోకి వెళ్ళి, కూర్చోండి అన్నారు. నాకు ఇంకో ఏడాది టెంపరరీ. జనవరిలో మళ్ళీ ఒకటో నంబరు. ఇంటికి వెళ్ళి రమ్మని మూడు రోజులు ఆయనే సెలవు ఇచ్చారు. తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, ఆ ఉల్లిపాయ ఎర్రగానే వేగిందని మీ అక్కయ్యగారికి చెప్పు అన్నారు.

మంగళవారం ఐసు బండి మీ వైపు వస్తుంది కదా, అందులోనే వస్తున్నాను. బియ్యం మూట, బఠాణీలు, గుడ్ల అట్ట నాతో ఉంటాయి. వద్దని ముందే ఉత్తరం రాయకు, నాకు అందదు.

వచ్చాక సూది ఎలా పొడవాలో నేర్పుతాను. కొత్త ఏడాది నుంచి చేపల్ని పస్తు పంపు. నువ్వు తిను.

తమ్ముడు


ప్రయోగశాల, వెనక గది
జనవరి 14

అక్కా,

నువ్వు పొడిచి పంపిన మొదటి రెండు చేపలూ వచ్చాయి. ఒకటి, రెండు. చీటీ మీద రక్తపు చుక్క ఉంది, నీ వేలిదే అనుకుంటాను. జాగ్రత్త.

రెండూ కోశాను. మట్టి. బూడిదరంగు మెత్తటి మట్టి, సన్నటి ఇసక, కొద్దిగా నాచు. పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలాగే. పెద్దసారు చూసి తల ఊపి వెళ్ళిపోయారు, టీ ఏమీ తెప్పించలేదు.

నేను మాత్రం చాలాసేపు ఆ పళ్ళెం ముందే ఉండిపోయాను. ఇప్పుడు నువ్వేం తింటున్నావో తెలుసుకోవడానికి నాకు దారి లేదు. నువ్వు రాస్తే తప్ప. కడుపునిండా తింటున్నాం అనే ముక్క ఇక నేను నమ్మను.

ఖాళీ చీటీల కట్ట ఒకటి ఎక్కువగా పంపుతున్నాను.

తమ్ముడు


మడుగు గట్టు
జనవరి 21

నంబరు: 1
తేదీ: నిన్న
ఆడ / మగ: ఆడ
లోపల ఉన్నవి: అన్నం, బఠాణీలు, ఒక గుడ్డు. ఉల్లిపాయ (ఎర్రగా వేగినది).
కడుపు: నిండు అని రాయబోయి ఆగాను. ముప్పావు.